ఎంపీసీ చదివి ఎకనామిక్స్‌కి: యూనివర్సిటీలను ఎలా ఎంచుకున్నాను

మా జగిత్యాలలో ఎంపీసీ చదివిన పిల్లని ఇంటర్ తర్వాత ఏ యూనివర్సిటీలో చేరతావని ఎవరూ అడగరు. ర్యాంకు ఎంత, ఏ బ్రాంచ్ వస్తుంది, ఈ రెండే ప్రశ్నలు. నాకు కావలసింది బీటెక్ కాదు, ఎకనామిక్స్. 2025లో ఇంటర్ పూర్తిచేశాను. ఎక్కడెక్కడ దరఖాస్తు పెట్టాలో తేల్చుకోవడానికి అంతకుముందు చలికాలం నుంచి ఆ జూలై దాకా పట్టింది. పరీక్షలకు చదివినంత శ్రద్ధగా ఈ పని కూడా చేశాను. మా వైపు దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఎకనామిక్స్ మీద మనసు పడటానికి కారణం మా మేనమామ పసుపు. వాళ్లది మెట్‌పల్లి దగ్గర ఊరు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి నిజామాబాద్ యార్డుకి తీసుకెళ్లేసరికి అందరి పంటా ఒకేసారి వచ్చి పడుతుంది, ధర దిగిపోతుంది. నిల్వ చేసుకోగలిగినవాళ్లు ఆగుతారు, అప్పు ఉన్నవాళ్లు ఆగలేరు. మామ అప్పుంది కాబట్టి అమ్మేస్తాడు. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనప్పుడు ఊరంతా సంతోషపడింది. బోర్డు వస్తే ధర ఎందుకు పెరగాలి, ఎవరి చేతిలో పెరుగుతుంది అని నేను అడిగితే ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. అలాంటి ప్రశ్నలకు జవాబు వెతకడమే చదువుగా ఉండే చోటు కావాలనుకున్నాను.

మొదట రాసుకున్న జాబితా అంతా విన్న పేర్లే. ఢిల్లీ యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, బెనారస్, పుణెలోని గోఖలే ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ, ఇంటికి దగ్గరగా నిజాం కాలేజీ. లాంగ్ నోట్‌బుక్ చివరి పేజీల్లో ఒక్కో పేరుకి ఒక పేజీ ఇచ్చాను. పేరు కింద నాలుగు విషయాలు రాసుకోవాలని పెట్టుకున్నాను: ఏం చెబుతారు, ఏ పరీక్ష, ఎంత ఖర్చు, ఉండటానికి చోటుందా. ర్యాంకింగుల కోసం చోటు పెట్టలేదు. పదో స్థానానికీ పదిహేనో స్థానానికీ తేడా నా చదువులో ఎక్కడ కనిపిస్తుందో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ అర్థం కాదు.

అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది సిలబస్ చదవడం. ప్రతి యూనివర్సిటీ తన వెబ్‌సైట్‌లో సిలబస్ పీడీఎఫ్ పెడుతుంది, దాన్ని తెరిచి చూసేవాళ్లే తక్కువ. ఢిల్లీ యూనివర్సిటీ ఎకనామిక్స్ ఆనర్స్‌లో మొదటి సెమిస్టర్‌లోనే మైక్రో ఎకనామిక్స్‌తో పాటు గణితం, స్టాటిస్టిక్స్ పేపర్లు ఉన్నాయి. మన దగ్గర మామూలు బీఏలో ఎకనామిక్స్ మూడు సబ్జెక్టుల్లో ఒకటి. చరిత్రా, పొలిటికల్ సైన్సూ దాని పక్కనే నడుస్తాయి. అది తక్కువ చదువని నేను అనను, వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. ఎంపీసీలో రెండేళ్లు కష్టపడి నేర్చుకున్న లెక్కలు పనికొచ్చే కోర్సు కావాలి నాకు. సిలబస్‌లు పక్కపక్కన పెట్టుకుని చదివాక జాబితాలో పేర్ల వరుస దానంతటదే మారింది.

కోల్‌కతా ఐఎస్ఐ పేజీ దగ్గర చాలాసేపు ఆగాను. అక్కడి స్టాటిస్టిక్స్ డిగ్రీ బీస్టాట్‌కి ట్యూషన్ ఫీజు లేదు, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. బాపు ఆ మాట విని కళ్లు పెద్దవి చేశాడు. కానీ అక్కడి ప్రవేశ పరీక్షలో రెండో పేపర్‌కి ఎనిమిది లెక్కలు ఇచ్చి, పూర్తి నిరూపణలతో రాయమంటారు. పాత పేపర్లు తీసి కూర్చున్నాను. అది వేరే శిక్షణ. ఒలింపియాడ్ లెక్కలు చేసినవాళ్లకు దగ్గరగా ఉంటుంది. దానికోసం సిద్ధమైతే మిగతావన్నీ వదులుకోవాలి, పైగా అది స్టాటిస్టిక్స్ కోర్సు. తీసేశాను. గోఖలే 1930లో మొదలైన సంస్థ, బీఎస్సీ ఎకనామిక్స్ ఉంది, సొంత పరీక్ష ఉంది, ఫీజు మాత్రం ప్రభుత్వ యూనివర్సిటీల కన్నా ఎక్కువ. అదీ తీసేశాను. అజీమ్ ప్రేమ్‌జీలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో పూర్తి మినహాయింపు దాకా ఇస్తారు కాబట్టి దరఖాస్తు చేశాను. ఇంటర్వ్యూ పిలుపు రాలేదు.

మిగిలినవాటిలో ఎక్కువ భాగానికి తలుపు ఒకటే, సీయూఈటీ. 2022 నుంచి సెంట్రల్ యూనివర్సిటీల డిగ్రీ ప్రవేశాలకు జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ నడుపుతున్న పరీక్ష అది. 2025లో ఒకరు గరిష్ఠంగా ఐదు పేపర్లు రాయొచ్చు. ఒక్కో పేపర్ గంట, యాభై ప్రశ్నలు, సరైన జవాబుకి ఐదు మార్కులు, తప్పుకి ఒకటి కోత. ఇంతవరకు అందరికీ తెలుస్తుంది. ఎంపిక దగ్గరే చిక్కంతా ఉంది. ఇంటర్‌లో చదవని సబ్జెక్టు అయినా రాసుకోవచ్చని ఎన్‌టీఏ అంటుంది. ఢిల్లీ యూనివర్సిటీ మాత్రం పన్నెండో తరగతిలో చదివిన సబ్జెక్టుల మార్కులనే లెక్కలోకి తీసుకుంటుంది. అంటే ఎకనామిక్స్‌లో చేరాలనుకునే నేను సీయూఈటీలో ఎకనామిక్స్ పేపర్ రాసినా ఢిల్లీలో అది చెల్లదు. అక్కడ ఎకనామిక్స్ ఆనర్స్‌కి కావలసింది ఒక భాష, గణితం, మరో రెండు సబ్జెక్టులు. ఎంపీసీ వాళ్లకి ఇది వరం. ఇంగ్లీషు, గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ సరిపోతాయి. మరికొన్ని యూనివర్సిటీలు జనరల్ ఆప్టిట్యూడ్ టెస్ట్ అడిగాయి కాబట్టి ఐదోది అది. జాబితా ముందు, పేపర్లు తర్వాత. చాలామంది పేపర్లు ముందు ఎంచుకుని, వాటితో ఎక్కడ సీటొస్తుందో తర్వాత వెతుకుతున్నారు. అప్పటికి దారులు మూసుకుపోయి ఉంటాయి.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. సీయూఈటీ సిలబస్ ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతిది. మాట్రిక్సులు మనకి ఫస్టియర్ 1ఏలోనే అయిపోతాయి, అవకలనాలు 1బీలో. అవన్నీ మళ్లీ తిరగేయాలి. లీనియర్ ప్రోగ్రామింగ్ మన ఇంటర్ పుస్తకంలో లేనే లేదు. అది నేను ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం నుంచి సొంతంగా నేర్చుకున్నాను. ఎకనామిక్స్‌కి పోయేవాళ్లకి అంత అందమైన అధ్యాయం మన పుస్తకంలో ఎందుకు లేదో అనిపించింది.

2025లో సీయూఈటీ దరఖాస్తులు మార్చి 1న మొదలై 24తో ముగిశాయి. మన ఇంటర్ పరీక్షలు మార్చి 5 నుంచి 25 దాకా. కాలేజీలో ఈ పరీక్ష గురించి నోటీసు కూడా పెట్టలేదు. మ్యాథ్స్ 2ఏకి చదువుతూ మధ్యలో ఫారం నింపడమంటే మామూలు టెన్షన్ కాదు. నేను ఫిబ్రవరిలోనే ఫొటో, సంతకం స్కాన్ చేయించి ఫోన్‌లో పెట్టుకున్నాను. ఆధార్ కూడా చూసుకున్నాను. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో మొదటి అక్షరమే ఉంది. మన పిల్లల్లో చాలామందికి ఇదే పరిస్థితి. ఉత్తరాదివాళ్ల పద్ధతిలో తయారైన ఫారాల్లో ముందు పేరు, చివరి పేరు అని గడులుంటాయి, మన ఇంటిపేర్లు వాటిలో ఇమడవు. ఆధార్ సెంటర్‌కి వెళ్లి మెమోలో ఉన్నట్టే మార్పించుకున్నాను. ఈ ఒక్క పని ముందే చేయడంవల్ల తర్వాత ఏ ఫారంలోనూ పేరు దగ్గర ఆగలేదు.

సర్టిఫికెట్ల సంగతి దీనికన్నా ముఖ్యం. మేము రాష్ట్రంలో బీసీలం. ఎంసెట్‌కైనా, రాష్ట్రంలో డిగ్రీ సీట్లిచ్చే దోస్త్‌కైనా మీసేవలో తీసుకున్న బీసీ కుల ధ్రువీకరణ సరిపోతుంది. సెంట్రల్ యూనివర్సిటీలకి అది పనికిరాదు. కేంద్రం ఇచ్చిన నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. అదీ ఆ ఆర్థిక సంవత్సరానిది, అంటే ఏప్రిల్ తర్వాత తీసుకున్నది అయి ఉండాలి. ముందుగా చూసుకోవలసింది మరొకటి: రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. అది చూసుకోకుండా ఫారంలో ఓబీసీ అని పెట్టేస్తే సీటు వచ్చాక వెరిఫికేషన్‌లో ఆగిపోతుంది. మాది ఉంది. ఏప్రిల్ మొదటివారంలో మీసేవలో దరఖాస్తు పెట్టాం. ఆదాయం, భూమి వివరాలు రెవెన్యూ వాళ్లు చూడాలి కాబట్టి ఆలస్యమైంది. బాపు ఆర్టీసీలో కండక్టరు, డ్యూటీ దిగి యూనిఫాంతోనే తహసీల్ ఆఫీసుకి వెళ్లి కనుక్కుని వచ్చేవాడు. చేతికొచ్చిన కాగితాన్ని ముందు వెనకా చూసి, "దీన్ని ల్యామినేషన్ చేపియ్యకు బిడ్డా, కొన్ని జాగల ఒప్పుకోరట" అన్నాడు. ఎవరో ప్రయాణికుడు చెప్పాడట.

ఖర్చు లెక్క మాత్రం బాపూ నేనూ కలిసే వేశాం. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఫీజు పెద్ద విషయం కాదు. ఢిల్లీ కాలేజీల్లో హాస్టల్ సీట్లు చాలా తక్కువ, ఎక్కువమంది బయట పేయింగ్ గెస్ట్ గదుల్లోనే ఉంటారు. అంటే ఏడాదికి ఫీజు ఒకెత్తు, అద్దె, తిండి, మెట్రో, రాకపోకలు మరో పది ఎత్తులు. రామగుండం వెళ్లి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ చేరేది మర్నాడు పొద్దున. హైదరాబాద్ అయితే జగిత్యాల నుంచి బస్సులో నాలుగైదు గంటలు. డబ్బు కాయితం మీద పెట్టాక కూడా ఢిల్లీని జాబితాలోంచి తీయలేదు. అక్కడి డిపార్ట్‌మెంట్లలో దేశం నలుమూలల నుంచి వచ్చే పిల్లల మధ్య చదవాలన్న కోరిక నాది, ఆ కోరికని డబ్బు లెక్కలో కలిపి కొట్టేయొద్దని బాపూ అన్నాడు. అక్కడి కాలేజీల్లో నాకు ముందు నచ్చింది ధౌలా కువాఁ దగ్గరి శ్రీ వేంకటేశ్వర కాలేజీ. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానం స్థాపించిన కాలేజీ అది. దాని పక్కనున్న మెట్రో స్టేషన్‌కి దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. రాజమండ్రిలో పుట్టిన మనిషి పేరు ఢిల్లీ మెట్రో పటంలో చూసి అమ్మకి చూపించాను. అమ్మకి ఢిల్లీ కొంచెం దగ్గరైంది.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గురించి ఇంట్లో మాట్లాడుతున్న రోజుల్లోనే ఆ క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి భూముల గొడవ మొదలైంది. నాలుగు వందల ఎకరాల భూమి, బుల్డోజర్లు, విద్యార్థుల ఆందోళన, ఏప్రిల్ 3న చెట్ల నరికివేత ఆపమని సుప్రీంకోర్టు ఆదేశం. రోజూ టీవీలో అదే. చుట్టాలందరూ ఫోన్ చేసి ఆడపిల్లని అక్కడికి పంపుతారా అని అడిగారు. నాకైతే అది ఆ క్యాంపస్ మీద గౌరవాన్ని పెంచింది. తాము చదివే చోటు గురించి, అక్కడి చెట్ల గురించి అంత గట్టిగా పట్టించుకునే పిల్లలున్నారంటే చర్చ జరిగే చోటన్నమాట. తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత కేంద్రం ప్రకటించిన ఆరు సూత్రాల పథకం కింద 1974లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన యూనివర్సిటీ అది. అక్కడ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. ఎకనామిక్స్ ఉంది. డిగ్రీ అయ్యాక పీజీకి మళ్లీ ప్రవేశ పరీక్ష రాయనక్కర్లేదు. సిలబస్‌లో గణితం, ఎకనామెట్రిక్స్ ఉన్నాయి. నా నోట్‌బుక్‌లో దాని పేజీ నిండిపోయింది.

అదే సమయంలో బాపు ఫోన్‌కి ప్రైవేటు యూనివర్సిటీల పీఆర్వోల ఫోన్లు. ఇంటర్ పిల్లల నంబర్లు వాళ్లకి ఎలా చేరతాయో తెలియదు గానీ, ఫలితాలు రాకముందే సీటు బ్లాక్ చేసుకోమనేవాళ్లు. ఒకాయన సగం ఫీజు మాఫీ అన్నాడు, అది మొదటి ఏడాదికేనా అని అడిగితే మాట మార్చాడు. ఫోన్‌లో ఒత్తిడి పెట్టే ఏ చోటూ నా జాబితాలోకి రాలేదు. మేము అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎకనామిక్స్ సిలబస్ పంపండి. ఒక్కరూ పంపలేదు.

అందరికన్నా కష్టమైన నిర్ణయం ఢిల్లీ, హైదరాబాద్‌ల మధ్య కాదు, అడుగున ఏం పెట్టుకోవాలన్నది. పైవి ఏవీ రాకపోతే నేను సంతోషంగా చేరగలిగిన చోటు ఒకటి కావాలి. నిజాం కాలేజీ, కోఠి మహిళా యూనివర్సిటీ పెట్టుకున్నాను. అవి దోస్త్ ద్వారా. దోస్త్ నోటిఫికేషన్ మే మొదట్లోనే వచ్చింది. రిజిస్ట్రేషన్ ఫీజు రెండు వందలు. తరగతులు జూన్ నెలాఖరుకి మొదలు. సీయూఈటీ ఫలితాలు జూలై 4న వచ్చాయి. అంటే రాష్ట్రంలో డిగ్రీ కాలేజీల్లో పిల్లలు కూర్చున్నాక గానీ కేంద్రం ఫలితం రాదు. ఇది ఏటా ఇంచుమించు ఇలాగే ఉంటోంది. దీనివల్ల మన పిల్లలు చాలామంది సీయూఈటీ రాసి కూడా వదిలేస్తున్నారు. నాకు దోస్త్‌లో సీటొచ్చింది. ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి సీటు నిలుపుకున్నాను. కాలేజీలో ఒరిజినల్ టీసీ ఇచ్చేముందు దానికి, మెమోలకి కలర్ స్కాన్‌లు తీసి పెట్టుకున్నాను. సీటు రద్దు చేసుకుంటే టీసీ ఎన్నాళ్లకు తిరిగిస్తారని కౌంటర్ దగ్గరే అడిగాను. ఆ ప్రశ్న అడగడానికి ఇబ్బందిపడనక్కర్లేదు, వాళ్లకది రోజూ వినేదే.

ఫలితాలొచ్చాక కూడా పనుంది. సీయూఈటీ పరీక్ష మాత్రమే, ప్రవేశం కాదు. ప్రతి యూనివర్సిటీ పోర్టల్‌లో మళ్లీ విడిగా దరఖాస్తు పెట్టాలి. ఎన్‌టీఏ స్కోరు చూసుకుని పిలుపు కోసం ఇంట్లో కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. ఢిల్లీకి సీఎస్‌ఏఎస్ అని వేరే పోర్టల్, మా కేటగిరీకి రెండు వందల యాభై రూపాయలు. అందులో కాలేజీనీ కోర్సునీ కలిపి ఒక్కో ఆప్షన్‌గా వరుసపెట్టాలి. గత ఏడాది ఏ కాలేజీలో ఏ స్కోరుకి సీటు ఆగిందో యూనివర్సిటీయే ప్రకటిస్తుంది. అక్కడ ఒక మెలిక ఉంది: 2024లో నాలుగు పేపర్లకి మొత్తం 800 మార్కులు, 2025లో 1000. గత ఏడాది అంకెల్ని పైకి లెక్కకట్టకుండా చూస్తే మనకి నార్త్ క్యాంపస్‌లో గట్టి పోటీ ఉండే హిందూ కాలేజీ కూడా వచ్చేస్తుందనిపిస్తుంది. నాకు వెయ్యికి ఏడు వందల ఎనభై పైచిలుకు వచ్చింది. నార్త్ క్యాంపస్ కాలేజీలు కష్టమని తెలిసింది, అయినా వాటినే పైన పెట్టాను. వెబ్ ఆప్షన్లయినా ఇదైనా సూత్రం ఒకటే: రాకపోవచ్చని తెలిసినా ఇష్టమైనది పైన ఉండాలి, పైది రాకపోతే కింది దానికి నష్టమేమీ లేదు. అలాట్‌మెంట్‌కి ముందు అంచనాగా ఇచ్చే సిమ్యులేటెడ్ ర్యాంకు చూపించాక వరుస మార్చుకోవడానికి అవకాశం ఇచ్చారు. నేను రెండు కాలేజీల్ని ముందువెనక చేశాను, అంతే.

జూలై 19న మొదటి అలాట్‌మెంట్‌లో ఢిల్లీలో సౌత్ క్యాంపస్ వైపు ఒక కాలేజీలో ఎకనామిక్స్ ఆనర్స్ వచ్చింది. కొద్దిరోజులకి హైదరాబాద్ యూనివర్సిటీ జాబితాలో కూడా నా పేరుంది. ఇంట్లో ఎవరూ నాకు నచ్చజెప్పే ప్రయత్నం చేయలేదు. రాత్రి భోజనాలయ్యాక నోట్‌బుక్‌లో ఆ రెండు పేజీలు తెరిచి బాపుకి చదివి వినిపించాను. సిలబస్‌లో పెద్ద తేడా లేదు. ఢిల్లీ కాలేజీకి హాస్టల్ లేదు. హైదరాబాద్‌లో హాస్టల్, లైబ్రరీ, పీజీ దాకా ఒకే చోటు. ఢిల్లీలో గది అద్దెకి ఇచ్చే డబ్బుతో హైదరాబాద్‌లో చదువంతా నడుస్తుంది, మిగిలినదాంతో తమ్ముడి ఇంటర్ ఫీజు కట్టొచ్చు. "నీకు మనసుల ఢిల్లీ ఉంటే చెప్పు, లోన్ తీస్త" అన్నాడు బాపు. ఆ మాట ఉత్తుత్తిగా అన్నది కాదు, ఆర్టీసీ క్రెడిట్ సొసైటీలో ఎంత దొరుకుతుందో అప్పటికే కనుక్కుని ఉన్నాడు. అందుకే నేను కూడా నిజమే చెప్పాను: మాస్టర్స్ చివరిదాకా ఒకేచోట నిశ్చింతగా చదవాలని ఉంది. హైదరాబాద్‌కి సరే అన్నాం. దోస్త్ సీటు రద్దు చేసి టీసీ తెచ్చుకున్నాను.

బాపు మాట మీద ఎంసెట్ కూడా రాశాను. ర్యాంకు ముప్పై వేల పైన వచ్చింది. మాలాంటి బీసీలకి పదివేల లోపు ర్యాంకుకైతే ఫీజు మొత్తం ప్రభుత్వం కడుతుంది, ఆ పైన ముప్పై ఐదు వేలే. వెబ్ ఆప్షన్లు పెట్టే రోజులు వచ్చినప్పుడు పెట్టనన్నాను, బాపు ఊఁ అన్నాడు.

మా బాబాయి కొడుకు ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్, సీఈసీ. వాడికీ ఎకనామిక్స్ మీదే గురి. సీఈసీలో గణితం లేదు కాబట్టి ఢిల్లీ ఎకనామిక్స్ ఆనర్స్ వాడికి కుదరదు, ఆ సంగతి ఇప్పుడే చెప్పాను. బాధపడ్డాడు. గణితం అడగని ఎకనామిక్స్ కోర్సులు ఏయే సెంట్రల్ యూనివర్సిటీల్లో ఉన్నాయో దసరా సెలవుల్లో ఇద్దరం కూర్చుని చూస్తామని మాట ఇచ్చాను. ఆధార్‌లో ఇంటిపేరు మాత్రం ఈ వారమే సరిచేయించుకోమన్నాను.